గోడ మీద త్రిభుజాలు వేసే ముందు

పర్లాకిమిడి

చిట్టీకి మామయ్య ఆశీస్సులు.

గుణుపురం ఇంట్లో హాలు గోడకి త్రిభుజాల డిజైన్ వేయాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. తప్పకుండా వెయ్యి. పెయింటర్‌ని పిలవకుండా నువ్వూ అల్లుడుగారూ కలిసి చేసుకోగలిగిన పనే. అయితే ఇందులో బ్రష్ పట్టడం చివరి పని. గోడ సిద్ధం చేయడానికీ కొలతలకీ రంగు కంటే ఎక్కువ టైమ్ పడుతుంది, పట్టనివ్వు.

తలుపు తీయగానే ఎదురుగా కనిపించే గోడ ఎంచుకో. స్విచ్‌బోర్డులు, కిటికీలు ఎక్కువున్న గోడ వద్దు, గీతలు మధ్యలో తెగిపోతాయి. మీది వంశధార ఒడ్డున ఊరు, వానలకి గోడలు చెమ్మ పీలుస్తాయి. పాలిథిన్ ముక్క ఒకటి నాలుగువైపులా టేప్‌తో గోడకి అంటించి ఒకరోజు వదిలెయ్యి. లోపలివైపు నీటి చుక్కలు కనిపిస్తే ఇంకా ఆగాలి. మీ వీధిలో ఒడియా వాళ్లు మార్గశిర గురువారాలకి బియ్యప్పిండితో ఝోటి ముగ్గులు వేసే రోజులకి మామూలుగా గోడలు ఆరి ఉంటాయి. అప్పుడు మొదలుపెడితే సంక్రాంతికి ముందే అయిపోతుంది.

పాత సున్నం ఉంటే మొత్తం గీకేయాల్సిందే. దాని మీద వేసిన ఎమల్షన్ టేప్‌తో పాటే ఊడి వచ్చేస్తుంది. పుట్టీ, ఎమరీ పేపర్, ప్రైమర్, ఆపైన లేత రంగు రెండు పూతలు. అది ఆరడానికి ఒకరోజు పూర్తిగా ఇవ్వు.

ఇక కొలతలు. సీలింగ్‌ని నమ్మి గీతలు గీయకు, పాత ఇళ్లలో అది తిన్నగా ఉండదు. మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబ్‌తో లెవెల్ చూసుకో, నిలువు గీతకి గుండు వేలాడదియ్యి. గోడ సరిగ్గా మధ్యలో మొదలుపెడితే రెండు చివర్లా తెగే ముక్కలు సమానంగా వస్తాయి. మూడు భుజాలూ సమానంగా ఉండే త్రిభుజానికి ఎత్తు, భుజంలో 0.866 వంతు. అంటే భుజం 60 సెంటీమీటర్లు అనుకుంటే 52 సెంటీమీటర్లకో అడ్డగీత. ఒక్కో గీత మీద 60కి ఒక చుక్క, కింది వరసలో చుక్కల్ని 30 జరుపు. చుక్కల ముగ్గులాగే, చుక్కలు కుదిరితే కలపడం నిమిషాల పని. గీతలకి లేత పెన్సిల్ చాలు. ముదురు నీలం పొడి అద్దిన దారంతో గీత కొడితే లేత రంగు కింద నుంచి కనిపిస్తూనే ఉంటుంది.

మన రాయగడ, గజపతి కొండల్లో సవరలు ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే బొమ్మలు చూశావు కదా. ఆ ఎరుపు, ఆ తెలుపు నీ గోడకి ఎంతో బాగుంటాయి, తీసుకో. బొమ్మల్ని మాత్రం అలాగే దింపకు. ఇడిటల్ అనే ఆ బొమ్మ వాళ్ల దేవతల కోసం వేసేది, సోఫా వెనక అలంకారం చేస్తే నాకు మనసొప్పదు.

పక్కపక్కన ఉన్న త్రిభుజాలకి ఒకేసారి టేప్ వేయలేవు. ఒకటి విడిచి ఒకటి వెయ్యి, అవి ఆరాక మిగతావి. మాస్కింగ్ టేపే వాడు, ప్యాకింగ్ టేప్ పుట్టీని లాగేస్తుంది. అంచుల్ని పాత ఏటీఎం కార్డుతో గట్టిగా నొక్కు. తర్వాత ఆ అంచు మీద ముందుగా గోడ రంగే పల్చగా రాయి. టేప్ కింద సందులేమైనా ఉంటే అది పూడ్చేస్తుంది, కొత్త రంగు లోపలికి పారదు. ఇంత తేలికైన ఉపాయాన్ని చాలామంది వదిలేస్తారు, నువ్వు వదలకు. రెండో పూత ఇంకా తడిగా ఉండగానే టేప్‌ని వెనక్కి మడిచి, 45 డిగ్రీల వాలులో నిదానంగా లాగు. ఆరిపోయి ఉంటే ముందు అంచు వెంట బ్లేడుతో సన్నగా గీరు.

రంగులు మూడు దాటనివ్వకు. నాలుగోది వేస్తే హాలు చిన్నదిగా కనిపిస్తుంది. ప్రతి డబ్బా షేడ్ నంబర్ రాసిపెట్టుకుని, కాస్త రంగు మిగిల్చి మూత బిగించు. పిల్లలున్న ఇల్లు, గీతలు పడతాయి.

స్విచ్‌బోర్డు దగ్గర తడి బ్రష్ పెట్టేముందు మెయిన్ ఆపమని అల్లుడుగారికి చెప్పు.

మీ మామయ్య