సంవత్సరాంతం మారిస్తే పాత లాభం ఎందుకు మారింది?

ప్రశ్న: మా వ్యాపారానికి లెక్కల సంవత్సరం మార్చి 31తో ముగిసేది. ఇకపై డిసెంబరు 31తో ముగించాలని అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో మొదటి నెలను జనవరిగా మార్చాం. వెంటనే 2025 మార్చి 31 నాటి బ్యాలెన్స్ షీట్‌లో ఆ ఏడాది లాభం 1,20,000 నుంచి 40,000కు పడిపోయింది. ఎంట్రీలు పోయాయా? తేడాకు జర్నల్ (చేత్తో రాసే సవరణ ఎంట్రీ) వేసి సరిచేయాలా?

జవాబు: ఎంట్రీలేవీ పోలేదు. జర్నల్ మాత్రం వేయకండి. ఈ మార్పు చేసినవాళ్లు ఎక్కువగా పొరబడేది అక్కడే.

క్విక్‌బుక్స్ ఆన్‌లైన్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఏడాది లాభాన్ని పాత లాభాల ఖాతాలోకి మార్చే ముగింపు ఎంట్రీ ఏడాది చివర ఉండదు. మీరు రిపోర్టు అడిగినప్పుడల్లా, సెట్టింగ్‌లో ఉన్న నెలను బట్టి లాభాన్ని రెండుగా విడదీసి చూపిస్తుంది: ఈ ఏడాదిది ఒక వరుసలో, అంతకుముందుది రిటైన్డ్ ఎర్నింగ్స్‌లో (పాత ఏళ్ల నుంచి పోగైన లాభం). ఈ సెట్టింగ్ ఒక్కటే కాబట్టి పాత సంవత్సరాలకూ అదే వర్తిస్తుంది. ఇప్పుడు అది 2025ను జనవరి నుంచి లెక్కిస్తోంది. మీ 40,000 జనవరి–మార్చి లాభం. 2024 ఏప్రిల్–డిసెంబరు లాభం 80,000 రిటైన్డ్ ఎర్నింగ్స్‌లోకి వెళ్లింది. అక్కడ ముందు 3,00,000 ఉంటే ఇప్పుడు 3,80,000 కనిపిస్తుంది. రెండు వరుసలూ కలిపితే అప్పుడూ ఇప్పుడూ 4,20,000. అది సరిపోతే దిద్దాల్సింది ఏమీ లేదు. జర్నల్ వేస్తే మాత్రం సరిగ్గా ఉన్న లెక్క తప్పవుతుంది.

అసలు జాగ్రత్త పడాల్సింది 2025 డిసెంబరు లెక్కల్లో. ‘ఈ ఆర్థిక సంవత్సరం’ అని ఎంచుకుంటే లాభనష్టాల రిపోర్టు జనవరి నుంచి 12 నెలలకు వస్తుంది. జనవరి–మార్చి అంకెలు 2025 మార్చి 31తో ముగిసిన ఏడాది లెక్కల్లో ఇదివరకే చేరాయి, కాబట్టి అవి రెండోసారి లెక్కలోకి వస్తాయి. తేదీలను చేత్తో 2025 ఏప్రిల్ 1 నుంచి డిసెంబరు 31 వరకు పెట్టి, 9 నెలల రిపోర్టు తీయండి. బ్యాలెన్స్ షీట్‌లోనూ ఆ 40,000ను ఈ ఏడాది లాభం నుంచి తీసి రిటైన్డ్ ఎర్నింగ్స్‌లో కలిపి చూపాలి. ఇది ఆడిటర్‌కిచ్చే కాపీలో చేసే సవరణే, పుస్తకాల్లో కాదు. ఐఏఎస్ 1 అనే అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం పాటించే సంస్థలైతే, కాలం ఎందుకు మారిందో, అంకెలను పాత ఏడాదితో పూర్తిగా పోల్చలేమనీ నోట్‌లో రాయాలి.

ఒక్కసారి సెట్టింగ్‌ను పాత నెలకు, అంటే ఏప్రిల్‌కు తిప్పి, మార్చి 31 నాటి బ్యాలెన్స్ షీట్, ట్రయల్ బ్యాలెన్స్ (అన్ని ఖాతాల నిల్వల జాబితా), లాభనష్టాల రిపోర్టు పీడీఎఫ్‌లుగా దాచుకోండి. బడ్జెట్లు ఉంటే ఎక్సెల్‌లోకి దించుకోండి, అవి ఆర్థిక సంవత్సరాన్ని పట్టుకుని ఉంటాయి. తర్వాత జనవరికి మార్చండి. అక్కడే పన్ను సంవత్సరపు మొదటి నెలకు వేరే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని ఆడిటర్‌ను అడక్కుండా ముట్టుకోవద్దు. మార్చి 31 వరకు లెక్కలకు తాళం వేసే క్లోజింగ్ డేట్ పెట్టి ఉందో లేదో కూడా చూడండి.

ప్రశ్న: మాది కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకున్న పాత సాఫ్ట్‌వేర్. అందులో సంవత్సరాంతపు తేదీ మార్చనివ్వడం లేదు.

జవాబు: ఏడాది చివర ముగింపు ఎంట్రీ వేసి, ఏడాదిలోని కాలాలను (సాధారణంగా ఒక్కో నెల ఒక్కో కాలం) పట్టికగా పెట్టుకునే రకమై ఉంటుంది. ముందు బ్యాకప్ తీసి, దాన్ని వేరే చోట తెరిచి చూడండి. తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్టే. తర్వాత పాత ఏడాదిని ముగించి, కొత్త ఏడాదికి 12 బదులు 9 కాలాలు ఇవ్వండి. ఒప్పుకోకపోతే ఏప్రిల్ 1 నాటి ప్రారంభ నిల్వలతో కొత్త కంపెనీ తెరవాలి. రావాల్సిన బాకీలను ఒకే మొత్తంగా ఎక్కించకండి. ఒక్కో బిల్లూ దాని అసలు తేదీతో ఎక్కించండి, లేకపోతే ఎవరి బాకీ ఎన్ని రోజులుగా ఉందో తెలియదు.

ప్రశ్న: 9 నెలల ఏడాదికి తరుగుదల (వాడకంతో తగ్గే ఆస్తి విలువను ఖర్చుగా రాయడం) పూర్తిగా వేయాలా?

జవాబు: వద్దు. 60,000 ఖరీదు చేసిన యంత్రానికి సమాన వాయిదాల పద్ధతిలో 20 శాతమైతే ఏడాదికి 12,000, 9 నెలలకు 9,000. సాఫ్ట్‌వేర్ నెలకు 1,000 చొప్పున వేస్తుంటే ముట్టుకోనక్కర్లేదు. ఏడాదికి ఒకేసారి వేసేదైతే పూర్తి 12,000 వేసేస్తుంది, ఆ ఎంట్రీని చేత్తో తగ్గించండి. ఏడాదికి ముందే కట్టిన బీమానూ అలాగే చూడండి: డిసెంబరు తర్వాతి నెలలకు చెందిన భాగం ఖర్చులోకి రాకూడదు.