‘తే’కీ ‘తేనే’కీ మధ్య

ప్రశ్న: ఈ ఏడాదే తర్కశాస్త్రం మొదలుపెట్టాను. ‘క అయితే ఖ’ అనే వాక్యంలో ‘క’ అబద్ధమైతే వాక్యం మొత్తం సత్యమేనట. ‘క’, ‘ఖ’లు నిజమైనప్పుడు, అబద్ధమైనప్పుడు వాక్యం ఏమవుతుందో చూపే సత్యపట్టిక బట్టీ పట్టాను గానీ మనసు ఒప్పుకోవడం లేదు. ఆవశ్యక నియమం, పర్యాప్త నియమం కూడా తారుమారవుతున్నాయి. పరీక్షలంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరు ఆగిన చోటే నేనూ ఆగాను. చదువుకునే రోజుల్లో ఆ పట్టిక మూడో వరుసలో, అంటే ‘క’ అబద్ధం, ‘ఖ’ నిజం అయిన చోట, ‘అసత్యం’ అని రాసి మార్కులు పోగొట్టుకున్నాను.

‘వాన పడితే నిన్ను బండి మీద దింపుతాను’ అని మీకు మాటిచ్చాననుకోండి. వాన పడలేదు, నేను దింపలేదు. మాట తప్పానా? లేదు. వాన లేకపోయినా దింపాను. అప్పుడూ తప్పలేదు. వాన పడి కూడా దింపకపోతేనే తప్పినట్టు. పట్టికలో ‘అసత్యం’ పడేది ఆ ఒక్క వరుసకే.

పరీక్షకు ఇది చాలు. మీ సందేహం మాత్రం ఇక్కడితో తీరదు, తీరకూడదు కూడా. మాట తప్పకపోవడం, నిజం చెప్పడం ఒకటేనా? ‘చంద్రుడి మీద అడవులుంటే రెండూ రెండూ అయిదు’ అన్నా పట్టిక ప్రకారం సత్యమే! మనం మాట్లాడేటప్పుడు ‘తే’ అంటే రెండు విషయాలకూ ఏదో సంబంధం ఉందనే అర్థం. పట్టికకు ఆ సంబంధంతో పనిలేదు.

ఈ తగవు చాలా పాతది. పట్టికలోని అర్థాన్ని ప్రాచీన గ్రీసులో ఫైలో అనే తర్కవేత్త చెప్పాడు. ఆయన గురువు డయొడోరస్ ఒప్పుకోలేదు. ‘క’ నిజమై ‘ఖ’ అబద్ధమయ్యే అవకాశం ఏనాడూ ఉండకూడదన్నాడు. ఏ ‘అయితే’ సరైనదో ఇళ్ల కప్పుల మీద కాకులు కూడా అరుస్తున్నాయని కల్లిమాకస్ అనే కవి రాశాడంటే, వాదన ఎంత దూరం వెళ్లిందో చూడండి. 1912లో అమెరికన్ తత్వవేత్త సి.ఐ. లూయిస్ మళ్లీ ఇదే అభ్యంతరం లేవనెత్తాడు. సాధ్యం, అనివార్యం అనే మాటలకు ఆధునిక తర్కంలో చోటు దొరికింది ఆ దారిలోనే. అందుకే మీ సందేహాన్ని వదులుకోవద్దంటున్నాను.

ఇక ఆవశ్యకం, పర్యాప్తం అనే మీ రెండో సందేహానికి మన భాషే సాయం. ‘నిప్పు ఉంటేనే పొగ’ అన్నప్పుడు పొగకు నిప్పు ఆవశ్యకం, అంటే అది లేనిదే కుదరదు. ‘పొగ ఉంటే నిప్పు ఉన్నట్టే’ అన్నప్పుడు నిప్పుందని చెప్పడానికి పొగ పర్యాప్తం, అంటే అదొక్కటీ చాలు. రెండు వాక్యాలూ చెప్పేది ఒకటే. ‘నిప్పు ఉంటే పొగ ఉంటుంది’ అంటే మాత్రం వాక్యం తిరగబడింది. అది విపర్యయం, వేరే సంగతి. అది ఎందుకు నిలబడదో చూపడానికి మన నైయాయికులు, అంటే న్యాయదర్శన తార్కికులు, ఎర్రగా కాలిన ఇనుప గుండును ఉదాహరణగా ఇచ్చారు. అందులో నిప్పుంది, పొగ లేదు.