టైల్ పగలగొట్టే ముందు: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి,

మీ మావయ్య ఆశీస్సులు. అమ్మ ఫోన్‌లో అంతా చెప్పింది. బాత్రూమ్ కొత్తగా చేయించుకున్నాక షవర్ తిప్పితే నీళ్లు దారంలా పడుతున్నాయట, వేడినీళ్లయితే మరీ తక్కువట. ప్లంబరేమో లోపల పైపు మూసుకుపోయింది, రెండు టైల్స్ తీయాలన్నాడట. ఒప్పుకోకు. ఇన్నేళ్లు సైట్ల మీద ఈ పనులే చేయించాను కాబట్టి చెబుతున్నాను, పని అయిన కొత్తలో వచ్చే ఇలాంటి తంటాలు చాలావరకు చేత్తో విప్పగలిగే చోటే ఉంటాయి. గోడ జోలికి వెళ్లడం చిట్టచివరి మాట.

ముందు షవర్ హెడ్ విప్పు. నట్టుకి పాత గుడ్డ చుట్టి స్పానర్ పెడితే మెరుగు పోదు. విప్పి లోపలికి చూస్తే చాలా షవర్లలో వాషర్ దగ్గర సన్నటి జాలీ ఉంటుంది. దాన్ని తీసి తెల్ల కాగితం మీద దులుపు. మీగడ రంగు తుంపులు పడితే అది సీపీవీసీ (ప్లాస్టిక్) పైపు కోసినప్పటి రజను. మెత్తటి తెల్ల పోగులైతే టెఫ్లాన్ టేపు. గరగరలాడేది ఇసుక, సిమెంటు. పైపుల పని కాగానే ప్రతి లైనూ తెరిచి కాసేపు నీళ్లు జోరుగా వదిలి కడగాలి, ఆ తర్వాతే ఫిట్టింగులు బిగించాలి. గృహప్రవేశం ముహూర్తం తరుముతుంటే చాలామంది వదిలేసేది ఈ ఒక్క పనే. ఆ చెత్తంతా నీళ్లతో పాటు కొట్టుకొచ్చి జాలీలోనో, నీళ్లను షవర్‌కో కింద కుళాయికో మళ్లించే డైవర్టర్ లోపలో, గీజర్ లాంటి వాటికి నీళ్లు కట్టేసే చిన్న వాల్వ్, అంటే యాంగిల్ కాక్‌లోనో చేరుతుంది.

షవర్ హెడ్ తీసేసి, దాని గొట్టం కింద బకెట్ పెట్టి చన్నీళ్లు పూర్తిగా తిప్పు. ఎన్ని సెకన్లలో నిండిందో ఫోన్‌లో చూసి రాసుకో. తర్వాత వేడినీళ్ల వైపు మాత్రమే తిప్పి అదే బకెట్, అదే కొలత. ఆఖరికి కింద బకెట్ పట్టుకునే కుళాయి దగ్గర కూడా రెండు వైపులా చూడు. ఈ నాలుగు అంకెలు చేతిలో ఉంటే సగం పని అయిపోయినట్టే.

గొట్టంలోంచి నీళ్లు బాగా వచ్చి, హెడ్ పెట్టగానే తగ్గిపోతుంటే పైపుల తప్పు కాదు. జాలీ కడిగినా అంతే ఉందంటే ఆ షవర్ మీ ఇంటికి సరిపోయేది కాదన్నమాట. లెక్క ఇదీ: నీటి మట్టం 10 మీటర్ల ఎత్తున ఉంటే ప్రెషర్ సుమారు 1 బార్ (బార్ అంటే ప్రెషర్ కొలత). మీరుండేది పై అంతస్తు, ట్యాంకు సరిగ్గా మీ స్లాబ్ మీదే. షవర్ నుంచి ట్యాంకులో నీటి దాకా కొలిస్తే రెండు మూడు మీటర్లకు మించదు. అంటే 0.2, 0.3 బార్ అంతే. వెడల్పాటి రెయిన్ షవర్ డబ్బా మీద ఎంత కావాలని రాశారో చూడు. అంతకంటే బాగా ఎక్కువ రాసి ఉంటే ఎన్ని గోడలు పగలగొట్టినా ఆ నీళ్లు రావు. తక్కువ ప్రెషర్‌కి పనిచేసే చిన్న షవర్ పెట్టుకో. ప్రెషర్ పంపు పెట్టాలనుకుంటే ముందు గీజర్ ఎంత బార్ తట్టుకుంటుందో దాని మీద చదువు, టైల్స్ వేయకముందు పైపులకు ప్రెషర్ టెస్ట్ చేశారో లేదో అడుగు.

కింద కుళాయి బాగా వచ్చి, పైన గొట్టంలో మరీ సన్నగా వస్తుంటే డైవర్టర్ అనుమానించాలి. అది కూడా ముందు నుంచే విప్పొచ్చు, గోడ తవ్వక్కర్లేదు. రెండు చోట్లా, చన్నీళ్లూ వేడినీళ్లూ అన్నీ తక్కువే అయితే మేడ మీదికెళ్లి ట్యాంకు దగ్గర గేట్ వాల్వ్ చూడు. పనివాళ్లు కట్టేసి సగమే తిప్పి వెళ్లిపోవడం మామూలే.

నీ విషయంలో వేడినీళ్లు ఇంకా తక్కువని అమ్మ చెప్పింది కాబట్టి గీజర్ వైపు కూడా చూడాలి. ముందు కరెంటు బోర్డులో గీజర్ ఎంసీబీ (లైను కట్టేసే బ్రేకర్) ఆపు, స్విచ్ ఒక్కటే ఆపితే చాలదు. కింద రెండు యాంగిల్ కాక్‌లూ పూర్తిగా తెరిచి ఉన్నాయా? నీలం గుర్తు వైపు చన్నీళ్లు లోపలికి, ఎరుపు వైపు వేడినీళ్లు బయటికి. నీలం వైపు సేఫ్టీ వాల్వ్ ఉంటుంది, దాంట్లోనూ రజను ఇరుక్కుంటుంది. ప్లంబర్ చేతే విప్పించి కడిగించు, కానీ తీసి పక్కన పెట్టేసి నేరుగా పైపు కలుపుతానంటే వద్దను. గీజర్ ఎక్కువ వేడెక్కి లోపల ప్రెషర్ పెరిగితే దాన్ని బయటికి వదిలి కాపాడేది అదే. ఇంకొకటి, ట్యాంకు దగ్గర పైపు మీంచి పైకి లేచి ఖాళీగా నిలబడే గొట్టం ఉందా? అది గాలి పోవడానికి. పనికిరాదనుకుని దానికి మూత బిగించేస్తే లైనులో గాలి పట్టి వేడినీళ్లు ఆగి ఆగి వస్తాయి.

షవర్ కింద నీళ్లు తగిలినప్పుడు ఒంట్లో కొంచెం జివ్వుమన్నా ఆ క్షణమే బయటికొచ్చి మెయిన్ ఆపెయ్. ఎలక్ట్రీషియన్ వచ్చి ఎర్తింగ్ చూసేదాకా పిల్లల్ని ఆ బాత్రూమ్‌లోకి పంపకు. ఇది రేపు చూద్దామనుకునే విషయం కాదు.

ఇవన్నీ చూశాక కూడా లోపం గోడలోనే అని తేలితే అప్పుడు పగలగొట్టనివ్వు. అదైనా టైల్స్ వేయకముందు తీసిన ఫోటోలు ముందు పెట్టుకుని, పైపు ఎటు వెళ్లిందో చూసి, ఒక్క టైల్ మాత్రమే. అదే రకం టైల్స్ మిగిలినవి ఇంట్లో ఉన్నాయో లేదో ఆ లోపు చూసుకో.

ఆ నాలుగు అంకెలూ రాసి ఫోన్ చెయ్, ప్లంబర్ వచ్చినప్పుడు నాతో మాట్లాడించు.

ఉంటాను,
మావయ్య