మొదటి పద్దు ఎవరిది?

హన్మకొండ

బిడ్డా,

నీ ప్రతిపాదన చదివాను. డోళ్లు, తాళాలతో మల్లన్న లాంటి దేవుళ్ల కథలు చెప్పే ఒగ్గు కథ బృందాన్ని కాకతీయ యూనివర్సిటీ క్యాంపస్‌కు పిలిపించడం, వాళ్లు చెప్పే కథను మీ ఎం.ఏ. పిల్లలు రికార్డు చేసి రాసుకోవడం, అదే కథను గుడ్డ మీద బొమ్మలుగా గీసే చేర్యాల నకాషి కళాకారులతో పటంగా గీయించడం, చివరికి ఆ పటం ముందర కథ చెప్పించి చిన్న పుస్తకం వేయడం. ఆలోచన బాగుంది. ముందుమాటలో నీ వచనమూ బాగుంది. కాకపోతే నేను ముందుమాట దగ్గర ఎక్కువసేపు ఆగలేదు, నేరుగా చివరి పేజీకి పోయి బడ్జెట్ చూశాను. పైసలిచ్చేవాళ్లు కూడా అదే చేస్తారు.

ఆ పేజీలో ఏముందో ఒకసారి నువ్వే చూడు. మొత్తం లక్షన్నర. వేదిక, షామియానా, సౌండ్‌కు 45,000. ఫ్లెక్సీలు, పోస్టర్లు, ఆహ్వాన పత్రాలకు 18,000. ముఖ్య అతిథుల శాలువాలు, మెమెంటోలు, కార్లకు 22,000. భోజనాలకు 20,000, వీడియోకు 15,000, పుస్తకానికి 20,000. అట్టడుగున ‘కళాకారులకు గౌరవ పారితోషికం’ అని 10,000. ఒగ్గు బృందమంటే ప్రధాన కథకుడు, ఆయనకు వంత పాడే వంతలు, డోళ్లు, తాళాలు అన్నీ కలిపి ఆరుగురు అనుకుందాం. తలా 1,666 రూపాయలు. ఊరి నుంచి వచ్చే బండి కిరాయి కూడా అందులోనేనా? పటం గీసేవాళ్లకైతే పద్దే లేదు. కథ వాళ్లది, పుస్తకం వాళ్ల మీద, ఫ్లెక్సీలు కొట్టేవాడికి మాత్రం వాళ్లకంటే ఎక్కువ ముడుతోంది.

నువ్వొక్కదానివే ఇట్లా రాశావని కాదు. టెంట్ హౌస్ వాడిని అడిగితే రేటు చెప్తాడు, ప్రెస్ వాడు చెప్తాడు, కేటరింగ్ వాడు ప్లేటుకు ఇంతని లెక్క కట్టి మరీ చెప్తాడు. కళాకారుడిని ఎవరూ అడగరు. అడిగినా ఆయన మొహమాటపడి ‘మీ దయ సార్’ అంటాడు. ధర చెప్పినవాళ్లంతా పైకెక్కి కూర్చున్నాక మిగిలిందే ఆయనకు దక్కుతుంది. అందుకే బడ్జెట్‌ను తిరగేసి రాయి. మొదటి పద్దు కళాకారులది. అది నిలబడ్డాక మిగతావి దాని చుట్టూ సర్దు. సరిపోకపోతే షామియానా కొట్టెయ్యి, వేపచెట్టు కింద కూర్చుందాం. శాలువా ఒక్కటి లేకున్నా కార్యక్రమం జరుగుతుంది. (ముఖ్య అతిథులు ముగ్గురెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. నేను రాకపోయినా ఏమీ కాదు, నా పేరు నిరభ్యంతరంగా తీసెయ్యి.)

రేటు ఎట్లా కట్టాలంటావా? జాతర రోజుల్లో ఒక మొక్కు కథకు, అంటే భక్తులు మొక్కు తీర్చుకోవడానికి చెప్పించే కథకు, వాళ్లకు ఎంత ముడుతుందో కనుక్కో. యూనివర్సిటీ అంతకంటే తక్కువ ఇవ్వకూడదు. కథ చెప్పే పూట ఒక్కటే లెక్క కాదు. రికార్డింగుకు కూర్చునే రోజులు, మీ క్లాసు పిల్లలు ‘మళ్లీ చెప్పండి’ అని ఆపి ఆపి అడిగే గంటలు, అన్నీ కూలి దినాలే. ఒకసారి వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయం వాళ్ల జానపద గిరిజన విజ్ఞాన పీఠానికి పో. ఈ బృందాలతో పని చేసినవాళ్లు అక్కడ ఉంటారు. ఫోన్‌లో తేలని ముచ్చట్లు అక్కడ తేలుతాయి.

పటం సంగతి వేరే. ఎన్ని అడుగులో, ఎన్ని ఘట్టాలో నువ్వు రాయలేదు. ‘ఒక చేర్యాల పటం’ అంటే దుకాణంలో కొనుక్కొచ్చే ఫ్రేమ్ కూడా కావచ్చు, కథ చెప్పేవాళ్లు విప్పుకుంటూ పోయే చుట్ట కూడా కావచ్చు. పాతకాలపు చుట్టలు మూడడుగుల వెడల్పుతో నలభై, యాభై అడుగుల పొడవు కూడా ఉండేవి. నీకు అంత అక్కర్లేదు, ఏడెనిమిది ఘట్టాలు చాలు. ఖద్దరు గుడ్డకు గంజి, తెల్లసుద్ద, చింతగింజల జిగురు కలిపి పూత పూస్తారు. ఒక పూత ఆరాకే ఇంకో పూత. గుడ్డ తయారయ్యాక కుంచెతో గీతలు, బొమ్మల వెనక ఎరుపు, తర్వాత మిగతా రంగులు. వానాకాలంలో ఈ పని సాగదీసుకుంటుంది. నువ్వు జులైలో ఆర్డరిచ్చి ఆగస్టులో కావాలని రాశావు. అది కుదిరే పని కాదు. అదీ కాక గుడ్డకూ రంగులకూ పైసలు ముందు పెట్టుకోవాల్సింది వాళ్లే కాబట్టి సగం అడ్వాన్సు ఇవ్వకుండా పని మొదలుపెట్టండి అనడం న్యాయం కాదు.

ఇక ముగింపు కార్యక్రమానికి నువ్వు పెట్టిన తేదీ చూసి నవ్వొచ్చింది. ఫిబ్రవరి రెండో వారం! సంక్రాంతికి ఐనవోలు, అక్కడి నుంచి ఉగాది దాకా కొమురవెల్లి. మల్లన్న జాతరలంటే ఒగ్గువాళ్లకు ఏడాది పంట. పట్నాలు (పూజకు రంగుల పొడులతో వేసే పెద్ద ముగ్గులు) వేసేదీ కథలు చెప్పేదీ అప్పుడే. మేడారం వచ్చే ఏడాదైతే ఆ రోజుల్లో బస్సులు కూడా దొరకవు. బతుకమ్మ, దసరా సెలవులకు క్యాంపస్ ఖాళీ. అందుకని దసరా సెలవులయ్యాక, సెమిస్టర్ పరీక్షలకు ముందు, కార్తీకంలో పెట్టుకో. వానలు వెనక్కి తగ్గి ఉంటాయి, పటం ఆరుతుంది, కళాకారులు దొరుకుతారు. ఇంకో లాభం, బిల్లులు సర్దడానికి మార్చి 31 లోపు మూడు నెలలకు పైగా చేతిలో ఉంటాయి. ఫిబ్రవరిలో కార్యక్రమం చేసినవాళ్లు మార్చిలో అకౌంట్స్ సెక్షన్ ముందు వరుసలో నిలబడి పడే టెన్షన్ నేను చూశాను.

అడ్వాన్సు సంగతి జాగ్రత్తగా విను, ఎక్కువ ప్రాజెక్టులు ఆగిపోయేది ఇక్కడే. విద్యార్థి చేతికి యూనివర్సిటీ పైసలు రావు. మీ మేడమ్ పేరు మీద ఫైలు నడవాలి. నీ కాగితం మీద శాఖాధిపతి సంతకం, ప్రిన్సిపాల్ సిఫారసు, ఆ తర్వాత రిజిస్ట్రార్ ఆఫీసు, ఫైనాన్స్. అడ్వాన్సు తీసుకున్నాక బిల్లులతో సర్దుబాటు కాకపోతే అది ఆమె మెడకే చుట్టుకుంటుంది. ‘చూద్దాంలే’ అని మేడమ్ వాయిదా వేస్తోందని రాశావు. ఆమెకు కళ మీద ఇష్టం లేక కాదు, నీ కాగితాల మీద నమ్మకం కుదరక. ఏ తేదీకి ఏ బిల్లు వస్తుందో, ఎవరు తెస్తారో ఒక పేజీ రాసి ఆమె బల్ల మీద పెట్టు. ప్రింటింగుకు, వీడియోకు మూడేసి కొటేషన్లు జతచెయ్యి. కథకుడి దగ్గర బిల్లు పుస్తకం ఉండదు. ఆయనకు రసీదు రాయించుకోవాలి, 5,000 దాటితే రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం, పాస్‌బుక్ జిరాక్స్. పైసలు బృందం పెద్ద ఖాతాలో పడినా, ఆరుగురి పేర్లూ ఎవరి వాటా ఎంతో రాసి అందరితో సంతకాలు పెట్టించు. వేలిముద్ర వేసేవాళ్లుంటే సిరా ప్యాడ్ నువ్వే పట్టుకుపో. ఒక ఊళ్లో ఒక కాలేజీవాళ్లు కథ చెప్పించుకుని, బిల్లు లేదని నెలల తరబడి తిప్పుకున్న డోలు కళాకారుడు ఇప్పటికీ కాలేజీ అంటే దండం పెడతాడు.

పైసలు ఎక్కడివి అన్నది నువ్వు మొదట అడిగిన ప్రశ్న. చివరికి తోశాను, ఎందుకంటే ఎంత కావాలో దేనికో తేలితే ఎవరిని అడగాలో దాదాపు తెలిసిపోతుంది. ఎన్ఐటీలో స్ప్రింగ్‌స్ప్రీకి స్పాన్సర్లు వస్తారు కదా అని రాశావు. స్పాన్సర్ జనాన్ని లెక్కపెట్టుకుంటాడు. వేలమంది పిల్లలు వచ్చే ఫెస్ట్‌కు అది నప్పుతుంది. నలభైమంది కూర్చుని శ్రద్ధగా వినే పనికి నయీంనగర్ కోచింగ్ సెంటర్‌వాడు ఏం చూసి ఇస్తాడు? ఇచ్చినా పటం మీద తన పేరు రాయమంటాడు. మీ పూర్వ విద్యార్థులను అడుగు. 1976లో పుట్టిన యూనివర్సిటీకి 2026తో యాభై ఏళ్లు, ఆ పేరు చెప్తే మనసు కరిగేవాళ్లు ఊరూరా ఉన్నారు. ‘సాయం చేయండి’ అనకు. ‘పటం గుడ్డకూ రంగులకూ ఇంత, అది మీరు భరించండి’ అను. ఒక పద్దు చేతిలో పెడితే మనిషి కాదనలేడు. ఎవరు పదివేలిచ్చినా నీ ఫోన్‌పేలోకి మాత్రం తీసుకోకు. శాఖ ద్వారా, రసీదుతోనే.

రాష్ట్ర భాషా సాంస్కృతిక శాఖకు ఒక దరఖాస్తు, నాగపూర్‌లోని దక్షిణ మధ్య క్షేత్ర సాంస్కృతిక కేంద్రానికి ఒకటి పెట్టి చూడు. తెలంగాణ దాని పరిధిలోదే. బెంగళూరులో ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ ఉంది, 1995 నుంచి కళా పరిశోధనకు గ్రాంట్లు ఇస్తోంది. వాళ్లకు తెలుగులోనే రాయొచ్చు, ఇంగ్లిష్‌లోనే రాయాలని పట్టుపట్టకు. సీఎస్ఆర్, అంటే కంపెనీలు సమాజం కోసం ఖర్చుపెట్టే సొమ్ము, దాని సంగతి ఈ ఏడాది వదిలెయ్యి. 2013 కంపెనీల చట్టంలో సంప్రదాయ కళలకు చోటున్న మాట నిజమే, కానీ ఆ డబ్బు రిజిస్టరైన సంస్థలకు పోతుంది, ఒక విద్యార్థినికి రాదు. లక్షన్నర కోసం అన్ని కాగితాలు ఎందుకు?

రెండు చిన్న విషయాలు. ఒగ్గు కథ రాత్రంతా సాగుతుంది, మైకైనా డోలైనా మాత్రం ఆరుబయట రాత్రి పదికి ఆగాలి. సాయంత్రం నాలుగున్నరకే మొదలుపెట్టు. రెండోది, మల్లన్న కథలో పట్నం వేసే ఘట్టం పూజ. దాన్ని వేదిక మీద అరగంటకు కత్తిరించొచ్చా, రికార్డు చేయొచ్చా అని ముందే బృందం పెద్దను అడుగు. ఆయన వద్దంటే వద్దు. వీడియో ఎవరి దగ్గర ఉంటుందో, పుస్తకం అమ్మితే వాళ్లకెంతో ఒక కాగితం మీద రాసుకుని చదివి వినిపించు.

పని అయ్యాక యూసీ, అదే యుటిలైజేషన్ సర్టిఫికెట్, పైసలు దేనికి ఖర్చయ్యాయో చూపే కాగితం, వారంలోపు ఇచ్చెయ్యి. మీ శాఖకు వచ్చే ఏడు పైసలు పుట్టేది దాన్ని చూసే.

ముందుమాటలో మూడో పేరా బరువెక్కింది, తీసేసి ఆ చోట కథకుడు నీతో అన్న మాటలు పెట్టు. బడ్జెట్ మాత్రం ముందు పంపు. ఫ్లెక్సీ పద్దు లేకుండా.

మీ మేడమ్‌కు నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు
మీ పెద్దనాన్న వరస మనిషి