ఏసీ గదిలో ఆవిర్లు: కువైట్ వచ్చిన మొగల్తూరు చెల్లికి జవాబు

చెల్లీ, వచ్చి నాలుగు నెలలే అయిందని, రాత్రిళ్లు ఒళ్లంతా సెగలెత్తి చెమటకి జాకెట్టు తడిసిపోతోందని, గుండె దడదడలాడుతోందని రాశావు. ఇది ఇక్కడి ఎండ దెబ్బా అని అడిగావు. ఎండ దెబ్బయితే ఏసీ గదిలో ఎందుకొస్తుందమ్మా? నలభై ఏడేళ్లు, ముట్లు మూడు నెలలకోసారి వస్తున్నాయని చివర్లో ఒక్క ముక్క రాశావు చూడు, సంగతంతా అందులోనే ఉంది. ఇవి ముట్లు ఆగిపోయే వయసులో వచ్చే ఆవిర్లమ్మా.

నేనూ ఎండే అనుకున్నాను. నరసాపురం పక్క ఊళ్లో లేసు అల్లుకునేదాన్ని, 21 ఏళ్ల కిందట వంటపనికి వచ్చాను. ఇద్దరు పిల్లల చదువులు, ఊళ్లో డాబా ఈ చేతులతోనే అయ్యాయి. నాకు 46వ ఏట మొదలైంది. అర్ధరాత్రి లేచి నెత్తిన నీళ్లు పోసుకుందామంటే వేసవిలో ఇక్కడ కుళాయి నీళ్లే కాగి వస్తాయి. ఫ్రిజ్‌లో సీసా తెచ్చి మెడకి ఆనించుకుని కూర్చునేదాన్ని. నిద్ర లేక పగలు మతిమరుపు. కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. మేడమ్ కేకలేసింది. జబ్బని తెలిస్తే పంపేస్తారని నోరు మెదపలేదు. ఇంటికి ఫోన్ చేస్తే "బానే ఉన్నాను" అని పెట్టేసి ఏడ్చేదాన్ని. ఎందుకేడుస్తున్నానో నాకే తెలిసేది కాదు.

సెలవుకి ఊరెళితే ఒక డాక్టరు గర్భసంచి తీసేద్దామన్నారు. సరేనన్నాను కూడా. మా అక్క ఆపింది. తనకి 35 ఏళ్లకే గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేశారు, ఆ వెంటనే ఇవే ఆవిర్లు పట్టుకున్నాయి. అండాశయాలు తీసేస్తే అంతే, ఒక్కసారిగా మీద పడతాయి.

నన్ను నిలబెట్టింది మందు కాదు, ఇక్కడ కలిసిన పాలకొల్లు అక్క ఒకావిడ. ఓ శుక్రవారం పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుని "నాకూ ఇంతేనే" అంది. ఏడాదిగా ఎవరికీ చెప్పనిదంతా ఆవిడకి చెప్పాను. ఆ రాత్రి నిద్ర పట్టింది.

డాక్టరుకి మాత్రం చూపించుకో. థైరాయిడ్‌కీ, రక్తం తగ్గినా ఇలాగే దడ వస్తుంది. వరసగా 12 నెలలు రాకపోతే ముట్లు ఆగినట్టు. ఆ తర్వాత చుక్క కనబడినా వెంటనే వెళ్లాలి. ఈ ఆవిర్లకి హార్మోన్ మాత్రలు మంచివే, కానీ రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకీ, రక్తం గడ్డకట్టే జబ్బున్నవాళ్లకీ సాధారణంగా ఇవ్వరు. ఎవరో ఇచ్చారని మింగకు. మూత్రంలో మంట, కీళ్ల నొప్పులు, కలయికలో నొప్పి ఉంటే సిగ్గుపడకుండా చెప్పు, వాటికీ మందులున్నాయి. రాత్రి టీ, కారం తగ్గించు, నూలు బట్టలే కట్టుకో.

వారానికో రోజు సెలవు, రోజుకి 12 గంటలకి మించని పని అని ఇంటిపనివాళ్ల కోసం కువైట్ చేసిన 2015 నాటి 68వ నంబరు చట్టంలో ఉంది. వివరాలు మన ఎంబసీలో చెబుతారు. ఆ సెలవు నిద్రపోవడానికి కాదు చెల్లీ, మనుషుల్ని కలవడానికి. గదిలో ఒక్కదానివే ఉండిపోకు. నువ్వు ఏ ఏరియాలో ఉన్నావో రాయి, శుక్రవారం నేనే వస్తాను.