కీళ్లవాతంలో బరువు తగ్గడం మంచిదేనా?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. పలాసలో జీడిపప్పు పనికి వెళ్తాను. నాలుగేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉంది. ఏమీ చేయకుండానే ఏడాదిలో 70 కిలోల నుంచి 62కి తగ్గాను. నొప్పి ఎక్కువైతే మెడికల్ షాపులో మాత్రల పొట్లం కట్టించుకుంటాను. ఇంకో ఐదు కిలోలు తగ్గితే కీళ్లు తేలికపడతాయా? ఏం తినడం మానాలి?

జవాబు: తిండి మానే మాట పక్కన పెట్టండమ్మా. ప్రయత్నం లేకుండా ఎనిమిది కిలోలు తగ్గడం సంతోషించే విషయం కాదు. లావుగా ఉన్నవాళ్లు తిండి చూసుకుని, నడుస్తూ నెమ్మదిగా తగ్గితే కీళ్లకు మేలే. మీది అలా తగ్గింది కాదు. ఈ జబ్బు వాపు కండను కరిగిస్తుంది, నొప్పికి భయపడి కదలకపోతే ఇంకా కరుగుతుంది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి నాలుగైదుసార్లు లేచి చూడండి. తొడలు వణికితే కండ తగ్గిందేమోనని అనుమానించాలి. షుగర్, థైరాయిడ్, టీబీ వల్ల కూడా ఇలా తగ్గొచ్చు, అవీ చూడాలి.

నాకు ఎక్కువ కంగారు ఆ పొట్లంతోనే. జబ్బుకు ఏం మందు వాడుతున్నారో ఒక్క ముక్క రాయలేదు, పొట్లం సంగతి మాత్రం రాశారు! పేరు లేని అలాంటి మాత్రల్లో చాలాసార్లు స్టెరాయిడ్, నొప్పి బిళ్లలు కలిసి ఉంటాయి. వేసుకున్న పూట బిగిసిన వేళ్లు సులువుగా వంగుతాయి, పప్పు పొట్టు తీయగలుగుతారు, తగ్గిందనుకుంటారు. లోపల కీలు దెబ్బతింటూనే ఉంటుంది. స్టెరాయిడ్ ఎక్కువ కాలం వాడితే ముఖం ఉబ్బుతుంది, తొడల కండ పోతుంది, ఎముకలు గుల్లబారతాయి. నొప్పి బిళ్లలు కిడ్నీల మీద పడతాయి. ఉద్దానం మనిషికి కిడ్నీ జబ్బు గురించి నేను చెప్పాలా అమ్మా?

అలాగని రోజూ వాడుతుంటే ఒక్కసారిగా ఆపేయొద్దు. స్టెరాయిడ్ హఠాత్తుగా మానినా ప్రమాదమే. ఆ పొట్లం, పాత చీటీలు సంచిలో వేసుకుని ఈ వారంలోనే రుమటాలజిస్టును (కీళ్లవాతం డాక్టరును), దొరక్కపోతే జనరల్ ఫిజీషియన్‌ను కలవండి. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్, రక్తకణాల లెక్క చెప్పే సీబీసీ, ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు అవసరమవుతాయి. ఈ జబ్బుకు వాడే మెథోట్రెక్సేట్ మాత్ర రాసి ఉంటే అది వారానికి ఒక్కరోజే. పొరపాటున రోజూ వేసుకుంటుంటే దాన్ని ఆపి ఇవాళే ఆసుపత్రికి వెళ్లండి. గుడ్డు, చేప, పప్పు ఎంత పెంచాలన్నది క్రియాటినిన్ చూశాకే చెప్పాలి. అప్పటిదాకా మామూలు తిండి తినండి. మిమ్మల్ని చూడకుండా ఇంతకంటే చెప్పలేను. జ్వరం, ఆయాసం, కాళ్ల వాపు ఉన్నా, మూత్రం తగ్గినా వారం ఆగకండి, ఆ రోజే వెళ్లండి.