తలంబ్రాల చీరను లెహంగా కుట్టించుకుంటే తప్పా?

మాకు పెళ్లయి నాలుగేళ్లు, రెండేళ్ల బాబు. వచ్చే నెలాఖర్లో మా ఆడపడుచు పెళ్లి. నా తలంబ్రాల చీర పసుపురంగు కంచిపట్టు, ఎర్రంచు. అప్పట్లో అత్తగారే కంచి వెళ్లి తెచ్చారు. పెళ్లయ్యాక గృహప్రవేశానికి ఒక్కసారి కట్టానంతే. దాన్ని లెహంగాగా కుట్టిస్తానంటే "పెళ్లి చీర మీద కత్తెర పడితే అరిష్టం" అని అత్తగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మా ఆయనేమో "గొడవెందుకు, కొత్తది కొనుక్కో" అంటారు. "ఆ చీర మీది జాకెట్ ఎలాగూ నీకు పట్టదులే వదినా" అని ఆడపడుచు నవ్వింది. నా చీర మీద నాకు హక్కు లేదా?
– ఒక సోదరి, రాజమహేంద్రవరం

హక్కు సంగతి ముందు తేల్చేద్దాం, అది చిన్నది. పెళ్లిలో మీకు పెట్టిన చీరలు, నగలు ఏ వైపువాళ్లు పెట్టినా మీ స్త్రీధనమే. 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు స్త్రీధనం పూర్తిగా భార్యదేనని చెప్పింది. చీర మీదే, సందేహం లేదు. అయితే ఈ మాట అత్తగారి ముందు అనకండి. చీర కోసం కోర్టు మాట ఎత్తిందన్న పేరు ఒకసారి వస్తే మళ్లీ పోదు.

ఇప్పుడు నాదొక ప్రశ్న. చీరకి కొలతలేం ఉండవు కదమ్మా. నాలుగేళ్ల కిందట కట్టిన చీర ఇవాళా కట్టుకోవచ్చు. మీకు పట్టనిది జాకెట్. మరి కత్తెర చీర మీదికి ఎందుకు వెళ్లింది?

బిడ్డ పుట్టాక ఒళ్లు మారడం ఎంత మామూలో, దాని మీద ఇంట్లోవాళ్లు వేసే చిన్న జోకు గుచ్చుకోవడమూ అంతే మామూలు. పెళ్లిలో బంధువులంతా అదే చీరలో మిమ్మల్ని చూసి, మీ పెళ్లి ఆల్బమ్‌లోని అప్పటి అమ్మాయితో పోలుస్తారని మీకు భయం ఉన్నట్టుంది. అందుకే అది చీరగానే ఉండకూడదని అనిపించి ఉండొచ్చు. నేను పొరపాటు పడి ఉంటే ఈ పేరా వదిలేయండి. కాదనుకుంటే మాత్రం కత్తెర కంటే ముందు ఆడపడుచుతో ఒక మాట మాట్లాడాలి. "నువ్వు నవ్వావు కానీ నాకు బాధేసింది" అంటే చాలు. పెళ్లికూతురి హడావుడిలో ఉన్న పిల్ల, ఆ మాట అన్న సంగతి కూడా గుర్తుండకపోవచ్చు.

జాకెట్ విషయం టైలర్ చేతిలో పని. మగ్గం వర్క్ జాకెట్లు కుట్టేటప్పుడు చాలామంది లోపల పక్క కుట్ల దగ్గర అంగుళమో, రెండంగుళాలో వదులుతారు. ముందు అవి విప్పించి చూడండి. అది సరిపోకపోతే చంకల కింద, పక్కల్లో అదే రంగు పట్టు ముక్క అతికిస్తారు. చెయ్యి దించితే అతుకు కనబడదు. చేతుల మీద వర్క్ నిండుగా ఉంటే అక్కడ విప్పడం కష్టం, పూసలు రాలతాయి. అప్పుడు పాతదాన్ని పక్కన పెట్టి, అంచు రంగులో సాదా జాకెట్ కొత్తగా కుట్టించుకోండి. నిజం చెప్పాలంటే నాకైతే అదే బాగుంటుంది. అంత పెద్ద జరీ అంచు మీద మళ్లీ మగ్గం వర్క్ నాకెప్పుడూ ఎక్కువే అనిపిస్తుంది.

ఇక అత్తగారు. అరిష్టం మాట నేను నమ్మను. మా అమ్మ పెళ్లి చీర నాకు ఏడేళ్లప్పుడు పరికిణీ అయింది. మడతల దగ్గర పిగలడం మొదలైందని మా నాయనమ్మే దగ్గరుండి కత్తిరింపించింది, మిగిలిన అంచు దేవుడి పీట మీదికి పోయింది. మన ఇళ్లలో పాత పట్టుచీరలు ఇలాగే మనవరాళ్ల ఒంటి మీదికి వచ్చేవి. ఇంకొన్ని జరీలో వెండి కోసం పాత చీరలు కొనేవాళ్ల మూటలోకి పోయాయి. మీ అత్తగారికీ ఇది తెలియకుండా ఉండదు.

అయితే ఆవిడ ఆ చీర కోసం కంచి దాకా వెళ్లారు. కాబోయే కోడలికి ఏ రంగు నప్పుతుందో ఆలోచించి, పది కొట్లు తిరిగి తెచ్చి ఉంటారు. మీరు "దీన్ని కత్తిరిస్తా" అన్నప్పుడు ఆవిడకి "నువ్వు తెచ్చింది నాకు నచ్చలేదు" అని వినబడి ఉండొచ్చు. అది పైకి చెప్పుకోవడానికి మొహమాటం, అందుకే అరిష్టం అడ్డమొచ్చింది. ఒక సాయంత్రం, మీవారు లేనప్పుడు, "అత్తయ్యా, మీ పెళ్లి చీర ఏమైంది?" అని అడిగి చూడండి. వాదనలో గెలవడానికి కాదు, ఊరికే వినడానికి. ఆవిడ చెప్పేదాన్నిబట్టి మీ తర్వాతి మాట మీకే తోస్తుంది.

అంతా విన్నాక కూడా మీకు లెహంగానే కావాలంటే, కత్తెర పడకుండా కుట్టే పద్ధతి ఉంది. చీర వెడల్పు నలభై అయిదు అంగుళాల పైచిలుకు. నడుం నుంచి పాదం దాకా మీకు నలభై ఉంటుందేమో. మిగిలిన అంగుళాలు కోసేయకుండా పై అంచును లోపలికి మడిచి, కుచ్చులు పెట్టి, నాడా పట్టీ వేసి, లోపల విడిగా కాటన్ లైనింగ్ ఇవ్వమనండి. పైట చెంగు వెనక కుచ్చుల్లోకి వస్తుంది. పైన ఓణీ వేసుకుంటే లంగా ఓణీ. రేపు కుట్లు విప్పితే మళ్లీ చీరే. పట్టు మీద సూది రంధ్రాలు కొంచెం మిగులుతాయి, అందుకే సన్న సూదితో, కుట్టు పొడుగ్గా వేయమనాలి. అనార్కలీ, కలీల లెహంగా అంటే మాత్రం నేను వద్దంటాను. వాటికి చీరను ఏటవాలుగా ముక్కలు చేసి, అంచు ఊడదీసి మళ్లీ అతకాలి. ఇక వెనక్కి రాదు.

ఏది చేయించినా ముందు చీర పూర్తిగా విప్పి వెలుతురులో చూడండి. నాలుగేళ్లు ఒకే మడతలో ఉంటే ఆ గీత దగ్గర పట్టు చిట్లి ఉండొచ్చు, అక్కడ కుట్టు వేస్తే నిలవదు. తలంబ్రాల పసుపు మరకలు ఉంటే సబ్బు పెట్టకండి, ఎర్రబడతాయి. డ్రైక్లీనింగ్‌కి ఇచ్చేటప్పుడు అది పసుపేనని చెప్పండి.

మీవారి "కొత్తది కొనుక్కో" సలహా ఉందే, అది గొడవ తప్పించుకునే దారి. డబ్బు పోతుంది, కోపం అలాగే ఉంటుంది. ఆయన్ని దీనిలోకి లాగకండి, ఆడపడుచు పెళ్లి పనులు ఆయనకి చాలు.

నెలాఖరు దగ్గరే ఉంది, ముహూర్తాల రోజుల్లో టైలర్లు పని తీసుకోరు. ఈ వారమే వెళ్లండి, వీలైతే అత్తగారిని వెంట తీసుకెళ్లండి. రంగు ఎంచడం ఆవిడకి బాగా వచ్చు కదా, జాకెట్ ముక్క ఆవిడనే చూడమనండి. ఈసారి మాత్రం పక్కల్లో రెండంగుళాలు వదిలి కుట్టమని టైలర్‌కి గట్టిగా చెప్పండి.